పాత బెల్టు

మా పాత డీజిల్ కారు అమ్మకానికి పెట్టాను. శామీర్‌పేట కుర్రాడొకడు వచ్చాడు. కిరాయికి తిప్పుకుంటాడట. టైర్లు తన్ని చూశాడు, హారన్ కొట్టి చూశాడు. బేరం కుదిరింది. బయానా ఇచ్చి, ఆదివారం వస్తానని వెళ్లాడు.

ఇచ్చేముందు ఆయిల్ మార్పిద్దామని మేడ్చల్‌లో నాగపూర్ రోడ్డు పక్కనున్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. బానెట్ ఎత్తి అడిగాడు: "సార్, టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చిన్రు?"

గుర్తులేదన్నాను. నిజానికి మార్చనే లేదు.

ఆ బెల్టు కంటికి కనపడదు, మూత వెనక ఉంటుంది. క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే కామ్ షాఫ్టు ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది పళ్లున్న ఈ రబ్బరు పట్టీయే. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు 1,000 సార్లు తెరుచుకుంటుంది. డీజిల్ ఇంజన్లో గాలిని గట్టిగా నొక్కాలి కనుక పిస్టన్ పైకొచ్చాక మిగిలే జాగా బహు తక్కువ. బెల్టు తెగిందా, తెరిచి ఉన్న వాల్వును పిస్టన్ వచ్చి గుద్దుతుంది. వాల్వులు వంగిపోతాయి. చాలాసార్లు ముందుగా ఏ చప్పుడూ రాదు. అందుకే ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్నేళ్లు, ఏది ముందైతే అప్పుడు మార్చమంటారు. బండిని కదపకపోయినా రబ్బరుకు వయసు ఆగదు కదా!

"బెల్టుతోని టెన్షనర్, వాటర్ పంపు గూడ మార్చాలె. మళ్ల మళ్ల విప్పుడు ఎందుకు?" అంటూ ఖర్చు చెప్పాడు.

"ఎలాగూ అమ్మేస్తున్నాగా!" అనేశాను.

"మీ ఇష్టం సార్" అని ఆయిల్ ఫిల్టర్ అందుకున్నాడు.

స్టూలు మీద కూర్చున్నానే గానీ మనసు నిలవలేదు. మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు అవుటర్ రింగు రోడ్డు మీద ఆ కుర్రాడు బండి నిండా జనంతో వెళ్తుంటాడు. ఉన్నట్టుండి ఇంజను ఆగిపోతుంది. వెనక లారీలు. రిపేరుకు అప్పు చేస్తాడు. నన్నడగడానికి కూడా రాడు, తన తలరాత అనుకుంటాడు. నా బద్ధకానికి వాడి తలరాత అని పేరు పడుతుంది.

"బెల్టు మార్చెయ్" అన్నాను.

మధ్యాహ్నమంతా పట్టింది. పాత బెల్టును వంచి చూపించాడు. పళ్ల మొదళ్లలో సన్నటి పగుళ్లు. గుర్తులు కలిపి కొత్తది ఎక్కించాక, తాళంచెవి జోలికి పోలేదు. పానాతో క్రాంకును చేత్తోనే నిండా రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూశాడు. ఎక్కడైనా తగిలితే చేతికి తెలుస్తుందట. ఆ తర్వాతే స్టార్ట్ చేశాడు.

ఆదివారం కుర్రాడికి తాళంచెవులతోపాటు పాత బెల్టూ, బిల్లూ ఇచ్చాను. మార్చిన తేదీ, కిలోమీటర్లు రాసి పెట్టుకోమన్నాను.

బెల్టును అటూ ఇటూ తిప్పి చూసి, అనుమానంగా అడిగాడు: "రేటు పెంచుతరా అన్నా?"

లేదన్నాను. అప్పుడు నవ్వాడు.