ఒకే గొడుగు కింద

2007 జనవరిలో లైబీరియా రాజధాని మన్రోవియాలో దిగేసరికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో అందరూ ఆడవాళ్ళే ఉన్న మొదటి పోలీసు దళం మాది. సీఆర్పీఎఫ్ నుంచి వందమందికి పైగా వెళ్ళాం. పగలు దేశాధ్యక్షురాలు ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ కార్యాలయం దగ్గర కాపలా, రాత్రిళ్ళు కరెంటు లేని వీధుల్లో లైబీరియా పోలీసులతో గస్తీ. భుజాన తుపాకీ ఉండేది. ఆ ఊరికి శాంతి తెచ్చింది మేమేనని నిజంగానే నమ్మాను.

టబ్‌మన్ బులెవార్డ్ పక్కన చేపల సంత. పొగబెట్టిన చేపలు, ఎర్రటి పామాయిల్... ఆ వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది. అక్కడ ఒక పెద్దావిడ కర్రపెండలం ఆకు అమ్మేది. మా అమ్మ పుట్టిల్లు పెద్దాపురం దగ్గర. దుంపలు తవ్వి సగ్గుబియ్యం మిల్లుకు తోలడమే తెలుసు గానీ, ఆకు వండుకోవడం నేనెప్పుడూ చూడలేదు. "మా ఊళ్ళోనూ ఇదే పంట" అంటే ఆవిడ నమ్మలేదు. అలా మాట కలిసింది. అక్కడ పెద్దవయసు ఆడవాళ్ళని 'ఓల్ మా' అంటారు, నేనూ అలాగే పిలిచాను. అసలు పేరు అడిగానో లేదో కూడా గుర్తులేదు.

పక్కనే ఇంకొకావిడ, తలకు ముసుగు, ముందు ఉల్లిపాయల కుప్పలు. ఇద్దరికీ ఒకటే గొడుగు. జల్లు ఎటు కొడితే అటు వంచుకునేవాళ్ళు.

ఒకరోజు అడిగేశాను. "మీరిద్దరూ ఏ తెగవాళ్ళు?"

బయల్దేరే ముందు మాకు పాఠాలు చెప్పారు. పదహారు తెగలు, 1989లో నింబాలో మొదలైన యుద్ధం, గియోలు, మానోలు ఒకవైపు, క్రాన్‌లు, మండింగోలు ఇంకోవైపు. వీళ్ళు ఎటువైపో తెలుసుకోవాలనిపించింది, అంతే.

ఓల్ మా చేతిలోని ఆకుకట్ట కింద పెట్టింది. "యుద్ధంలో దారికాచిన కుర్రాళ్ళు ముందు ఇదే అడిగేవాళ్ళు. జవాబుని బట్టి పక్కకి లాగేవాళ్ళు" అంది. కోపంగా అనలేదు. నా భుజం వైపు మాత్రం ఒకసారి చూసింది. ఆ చూపు తల్చుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది.

తర్వాత చాలా రోజులకి తనే చెప్పింది. తను గియో, ఉల్లిపాయలావిడ మండింగో. ఓల్ మా తమ్ముణ్ణి ఒక పక్షం చంపితే, ఆవిడ భర్తని ఇంకో పక్షం చంపింది. 2003లో ఈ సంత పక్కన మైదానంలో చర్చికి వెళ్ళేవాళ్ళు, మసీదుకు వెళ్ళేవాళ్ళు, ఆడవాళ్ళంతా తెల్లబట్టలు కట్టుకుని, నగలు తీసేసి, యుద్ధం ఆపమని ఎండలో వానలో కూర్చున్నారు. అప్పటి అధ్యక్షుడు చార్లెస్ టేలర్ కార్లు ఎదురుగానే వెళ్ళేవి. ఘనాలోని ఆక్రాలో శాంతి చర్చలు సాగదీస్తుంటే, వాళ్ళ నాయకురాలు లేమా గ్బోవీతో వెళ్ళిన ఆడవాళ్ళు తలుపులకి అడ్డంగా కూర్చున్నారు, ఒప్పందం కుదిరేదాకా ఎవరినీ బయటికి రానివ్వమని. ఆగస్టులో టేలర్ దేశం వదిలాడు, సంతకాలయ్యాయి. వీళ్ళిద్దరూ ఆక్రా వెళ్ళలేదు. ఈ బురదలోనే కూర్చున్నారు. మొదటి వారం ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదట.

"ఇప్పుడు మనసులో ఏమీ లేదా?" అని ఉల్లిపాయలావిడనడిగాను.

"స్మాల్ స్మాల్" అంది. కొద్దికొద్దిగా, అని. పోయిందనా, ఇంకా ఉందనా, నేను మళ్ళీ అడగలేదు.

2011లో సర్లీఫ్‌కీ గ్బోవీకీ నోబెల్ వచ్చినప్పుడు టీవీలో ఆ తెల్లబట్టల గుంపుని చూపించారు. నేను లేచి టీవీకి దగ్గరగా వెళ్ళి నిలబడ్డాను. వాళ్ళు కనబడలేదు. కనబడినా పోల్చుకునేదాన్ని కాదేమో. గొడుగు నీలమా, ఆకుపచ్చా అన్నదే తేల్చుకోలేకపోతున్నాను.

మొన్న అమ్మమ్మగారి ఊరు వెళ్ళినప్పుడు లేత కర్రపెండలం ఆకు నాలుగు గుప్పెళ్ళు కోశాను. "పశువులు తింటేనే చస్తాయి, పారెయ్" అని అమ్మ కేకలేసింది. మెత్తగా దంచాలి, చాలాసేపు ఉడకాలి అని ఓల్ మా చెప్పింది. ఎంతసేపో మర్చిపోయాను. ఆకు రోట్లోనే ఉండిపోయింది.