మా ఊరి పీర్లు – తార్నాక గది

బి.యస్సీ. చదివేవాడికి సోషియాలజీతో పనేమిటని మా క్లాసులోనే నవ్విన వాళ్లున్నారు. నిజం చెప్పాలంటే పనేమీ లేదు. వేరే శాఖలో ఒక పేపరు ఎంచుకోవాలంటే, ప్రాక్టికల్సు లేనిదీ పాసవడం తేలికైనదీ చూసుకుని, 'ప్రజాస్వామ్యం – లౌకికీకరణం' అనే పాఠానికి పేరిచ్చాను. ఆ రెండో మాట నోరు తిరగడానికే వారం పట్టింది.

మొదటి రోజే మా లెక్చరరుగారు దాని అర్థం చెప్పారు. మతసంబంధమైన ఆలోచనలూ, ఆచారాలూ, సంస్థలూ సమాజం మీద తమ పట్టు పోగొట్టుకోవడమే లౌకికీకరణమని బ్రయన్ విల్సన్ అనే ఇంగ్లండు పండితుడు 1966లో రాశాడట. యంత్రాలూ, పట్నాలూ, చదువులూ పెరిగేకొద్దీ దేవుడు వీధి వదిలి ఇంట్లోకి వెళ్లిపోతాడన్నమాట. పీటర్ బెర్గర్ అనే అమెరికా సోషియాలజిస్టు కూడా 1960లలో ఇంచుమించు ఇదే చెప్పి, తీరా 1999లో తన అంచనా తప్పిందని అచ్చులోనే ఒప్పుకున్నాడు. ఇది నాకు బాగా నచ్చింది. ప్రయోగానికి నిలవని సిద్ధాంతాన్ని పక్కన పెట్టమని మా లాబరేటరీలో రోజూ చెబుతారు గానీ, సొంత సిద్ధాంతాన్ని పక్కన పెట్టగల మనిషి ఎక్కడోగాని దొరకడు.

"మరి మన ఊళ్లల్లో సంగతేమిటి? ఎవరైనా చెప్పండి" అన్నారు సారు. లేచి నిలబడ్డాను. మాది వ్యవసాయ కుటుంబం. ఊళ్లో తురకల ఇళ్లు నాలుగంటే నాలుగు. అయినా పీర్ల పండుగ ఊరందరిదీ. నాకు ఐదేళ్లప్పుడు జ్వరం తగ్గకపోతే మా అమ్మ పీరుకు దట్టీ కడతానని మొక్కింది. జ్వరం తగ్గింది (మందు కూడా వాడారు లెండి!). అప్పట్నుంచి ప్రతి మొహర్రానికీ మా ఇంటి నుంచి దట్టీ, కుడుకలు, మలీద పోవాల్సిందే. పోయినేడు పీరును నేనే ఎత్తుకున్నాను. డప్పుల మోత, ఊదు పొగ, అలావా చుట్టూ "అస్సోయ్ దూలా" అంటూ జనం. ఇదంతా చెప్పి, "మా ఊరికి లౌకికత్వం ఎవరూ నేర్పనక్కర్లేదు సార్" అన్నాను. క్లాసు చప్పట్లు కొట్టింది. సారు మాత్రం, "బాగుంది. పీరును దించినాక ఏమవుతుందో కూడా చూడు" అన్నారు.

ఆయనే ఒక పుస్తకం చదవమన్నారు. ఒకప్పుడు మన ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే రాసిన 'ఇండియన్ విలేజ్'. 1951లో వ్యవసాయం, వైద్యం, పశువైద్యం చదివే విద్యార్థులతో సహా ఒక బృందం ఈ క్యాంపసు నుంచి శామీర్‌పేటకు వెళ్లి, ఆ ఊరి కులాలూ, పండుగలూ, తిండీ తిప్పలూ దగ్గరుండి చూసింది. దాని ఫలితమే 1955లో వచ్చిన ఆ పుస్తకం. వాళ్లు పట్నం నుంచి పల్లెను చూడబోయారు. నేను పల్లె నుంచి వచ్చి తార్నాకను చూస్తున్నానుకదా అనుకున్నాను.

తార్నాకలో చూడాల్సింది చాలా ఉంది. ఒక పక్క జాతీయ పోషకాహార సంస్థ, ఇంకో పక్క ఐ.ఐ.సి.టి. సైన్సు చదివేవాడికి పుణ్యక్షేత్రమే! ఆ సందుల్లో గది కోసం నేనూ, నా మిత్రుడూ నాలుగు రోజులు తిరిగాం. వాడిది పాలమూరు వైపు. వాళ్ల తాత పీర్ల ముజావరు. మా స్నేహం మొదలైందే ఆ పీర్ల ముచ్చటతో. చివరికి ఒక మేడ మీద గది నచ్చింది. ఇంటావిడ మంచి మనిషి, అడక్కుండానే మంచినీళ్లిచ్చింది.

"మీరేమిటోళ్లు బాబూ?" అంది.

చెప్పాను. అప్పటికి నాకది ప్రశ్నలాగానే తోచలేదు. రోల్ నంబరు అడిగితే చెప్పినట్టు చెప్పేశాను. వాణ్ణి కులం అడగలేదు, పేరు అడిగింది. వాడు చెప్పాడు. ఆవిడ కొంచెంసేపు గోడకేసి చూసి, "అయ్యో, పొద్దునే ఎవరికో మాటిచ్చాం బాబూ" అంది.

మూడో రోజు నాకు ఒక్కడికే ఫోను చేసింది. గది ఖాళీగానే ఉందట.

నేను చేరాను. దాచడమెందుకు? పరీక్షలు దగ్గర పడ్డాయి, అద్దె తక్కువ, క్యాంపసుకు నడిచిపోవచ్చు, ఇట్లా కారణాలు నాకు నేను చాలానే చెప్పుకున్నాను. వాడు కూడా "పోరా, నువ్వు గూడ ఎందుకు తిరుగుడు" అన్నాడు. వాడు అట్లా అనకుండా ఉంటే బాగుండేది.

ఆ తర్వాతే పాఠంలో రాజ్యాంగం వచ్చింది. పీఠికలో 'లౌకిక' అనే మాట 1976లో 42వ సవరణతో చేరింది. 15వ అధికరణం తీసి నేను ప్రత్యేకంగా వెతికాను. మతం, కులం పేరిట దుకాణాల్లో, హోటళ్లలో, బావుల దగ్గర, చెరువుల దగ్గర, స్నానఘట్టాల దగ్గర ఎవరినీ అడ్డుకోకూడదని ఉంది. మేడ మీది అద్దె గది ఆ జాబితాలో కనపడలేదు.

ఇంటికెళ్లినప్పుడు నాయినకు చెప్పాను. చేన్లో నీళ్లు మళ్లిస్తున్నాడు. చాలాసేపు పార ఆపలేదు. తర్వాత, "ముజావరు మనుమడంటివి గదరా, మరి నువ్వెట్ల ఉంటున్నవు ఆడ?" అన్నాడు. అదే నాయిన మా ఇంటి అరుగు మీద ఎవరెవరిని కూర్చోనిస్తాడో, ఎవరికి గ్లాసు వేరుగా ఉంచుతాడో నాకు తెలుసు. అడగబోయి మానేశాను. గట్టు మీద ఇద్దరం ఊరికే నిలబడ్డాం.

ఇంటర్నల్ పరీక్షలో లౌకికీకరణాన్ని నిర్వచించమన్నారు. విల్సన్, బెర్గర్ అంతా రాశాను. క్లాసులో నాకే ఎక్కువ మార్కులొచ్చాయి.

మొన్న సాయంత్రం నా రికార్డు తిరిగివ్వడానికి మిత్రుడు వచ్చాడు. వాడెప్పుడూ పైకి రాడు, గేటు దగ్గర నిలబడి మిస్‌డ్ కాల్ ఇస్తాడు. నేను మెట్లు దిగుతుంటే వరండాలోంచి ఇంటావిడ, "ఎవరు బాబూ వచ్చింది?" అంది.

"మా క్లాస్‌మేటండీ" అన్నాను.

రికార్డు నా చేతిలో పెడుతూ వాడు నవ్వాడు. "నా పేరు మర్చిపోయినవారా?"