సముద్రం చూడాలంటే లీవు ఏ నెలలో పెట్టాలె?

ఈ పోస్టు కొంచెం పొడుగుంటది. డ్యూటీ దిగి, స్నానం చేసి, తిన్నంక తీరికగా చదువుండ్రి. వచ్చే లీవు గురించి ఇప్పటినుంచే ఆలోచన చేసేటోళ్లకు పనికొస్తదని రాస్తున్నం.

మేము ఉండేది మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో. మనోళ్లు ఇంత పెద్ద పేరు పలకరు, ముసఫా షాబియా అంటరు. రూంలో ఆరుగురం. ముగ్గురం కరీంనగర్ దిక్కోళ్లం, ఇద్దరు నిజామాబాద్ తమ్ముళ్లు, ఒకరు కోనసీమ రాజోలు తమ్ముడు. అందరిదీ బిల్డింగుల పనే.

మా ఇంట్లో ఈసారి ముచ్చటంతా సముద్రం మీదనే. మా అవ్వకు డెబ్బై దాటినయి, మోకాళ్లు సహకరిస్తలేవు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "జంపన్న వాగుల మునిగిన, 2015ల ధర్మపురి కాడ గోదారి పుష్కరం జేసిన. కొడుకు సముద్రం అవతల ఉంటడు, గని ఆ సముద్రం ఎట్లుంటదో కండ్లతోని చూడకపోతి." ఇట్లంటే ఏం జవాబు చెప్తం? ఇంకో నాలుగేండ్లు ఆగు అవ్వా అని చెప్తమా? మనకు లీవు దొరికేది రెండేండ్లకు ఒకసారి. అందుకని ఈ లీవుల ఆమెకు సముద్ర స్నానం చేపిద్దామని మేము, మా ఇంటామె గట్టిగ అనుకున్నం.

ఇగ అసలు సంగతి. సైట్‌లో మనం వాతావరణం చూడకుండ ఏ పనీ చేయం. ఎండాకాలం స్లాబు పోయాలంటే రాత్రిపూట పోస్తం. మిక్సులో ఐసు వేపిస్తం. ట్రక్కు రాంగనే థర్మామీటర్ పెట్టి చూస్తం, 32 డిగ్రీలు దాటితే ఆ ట్రక్కు వాపస్. గాలి ఎక్కువుంటే క్రేన్ ఆపుతం. పొద్దుగాల పొగమంచు ఉంటే ఆగుతం. ఇవన్నీ మన చేతిల పనులు. అదే లీవు కాడికి వచ్చేసరికి మనోళ్లు ఎక్కువమంది అడిగేది ఒక్కటే, టికెట్ ఎంతున్నది అని. మేము ఈసారి సముద్రానికి గూడ స్లాబు లెక్కనే చూసినం. ఏ నెలలో పోయాలె, ఏ నెలలో ఆపాలె అని.

జూన్, జూలై, ఆగస్టు ముందే పక్కన పెట్టినం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక ఇక్కడ మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాక ఎండల పని బంద్, అది మీకు తెలిసిందే. కంపెనీలు గూడ ఆ నెలల్లో లీవు తొందరగనే ఇస్తయి. గని ఇక్కడ బళ్లకు సెలవులు, ఫ్యామిలీలోళ్లంతా అప్పుడే పోతరు, టికెట్ ఆకాశంల ఉంటది. ఊర్ల చూస్తే వరినాట్లు. ఇంటామె నాట్లు వదిలిపెట్టి సముద్రం ఒడ్డున కూసుంటదా?

మా నిజామాబాద్ తమ్ముళ్లకు సముద్రం అంటే గోవానే. ఒకాయన జూలైల లీవు మీద పోయి గోవా పోదామన్నడు. ఆ కాలంల పడమటి సముద్రం రుతుపవనాలతోని ఎగిరెగిరి పడుతది. బీచుల్లో ఎర్రజెండాలు పాతి నీళ్లల్లకు దిగనియ్యరు, ఒడ్డున గుడిసె హోటళ్లు గూడ తీసేస్తరు. "మరి మనోళ్లు పోయి ఏం చేస్తున్నరే?" అంటే నవ్విండు. ఆ ముచ్చట ఇక్కడ వద్దు.

మా పిల్లలు మే నెల అన్నరు, ఎండాకాలం సెలవులని. బడి లెక్కల అది సరైన నెలనే. గని బాపట్ల దిక్కు మే నెల ఎండకు ఇసుక మీద అడుగు పెట్టలేం, డెబ్బై ఏండ్ల మనిషిని ఎట్ల తీస్కపోతం? పైంగ మే నెలల గూడ తుఫాన్లు వస్తయి. 2010ల లైలా తుఫాను బాపట్ల కాడ తీరం దాటింది మే 20 నాడే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాక ఆంధ్రల చేపలవేట నిషేధం. అంటే పడవలన్నీ ఒడ్డునే ఉంటయి. చేపలకూర మీద ఆశ పెట్టుకుని పోయేటోళ్లు ఈ తేదీలు యాదుంచుకోండ్రి.

ఇగ మిగిలింది కార్తీకం. మా అవ్వ అడిగింది గూడ అదే. కార్తీక పున్నమికి సూర్యలంక పోదాం, అందరు పోతరట అన్నది. 2025ల కార్తీక పున్నమి నవంబర్ 5న. దసరాకు లీవు పెట్టి దీపావళి చూసుకుని, పున్నమి స్నానం చేపించి వాపస్ రావొచ్చు. కాగితం మీద చూస్తే ఇంతకంటే మంచి లెక్క లేదు. ఆగస్టుల రూంల కూసుండి ఈ ముచ్చట చెప్తుంటే రాజోలు తమ్ముడు తల అడ్డం ఊపిండు.

"కార్తీకంలో మా సముద్రం వైపు రాకండన్నయ్యా. అప్పుడది మనిషి మాట వినదండి. చూడాలంటే మాఘంలో రండి, అంతర్వేది తీర్థానికి. అప్పుడు పళ్లెంలో నీళ్లలా ఉంటుంది" అన్నడు.

మేము సముద్రం లేని జిల్లాలోళ్లం. ఆయన పుట్టింది సముద్రం పక్కన. ఆయన మాట విన్నం, అక్టోబర్ లీవు పెట్టలేదు.

అక్టోబర్ 28 రాత్రి మా రూంల ఎవ్వరం పండలేదు. మొంథా తుఫాను తీరం దాటింది ఆ రాత్రే, నర్సాపురం దిక్కు. అంటే రాజోలు తమ్ముని ఇంటి పక్కనే. సాయంత్రం దాక వాళ్ల నాన్నగారు ఫోన్ల మాట్లాడిండు. గాలి మొదలైంది, కరెంటు తీసేసిండ్రు, స్కూల్ బిల్డింగ్‌లకు పోతున్నం అన్నడు. తర్వాత ఫోన్ కలవలేదు. తమ్ముడు మంచం మీద కూసుండి అదే నంబర్ కొడుతనే ఉన్నడు. నిజామాబాద్ తమ్ముడు చాయ్ పెట్టి ఇస్తే అది చల్లారిపోయింది, మళ్ల వేడి చేసి ఇచ్చిండు, మళ్ల చల్లారింది. మేము ఫోన్ల తుఫాను బొమ్మ పెట్టుకుని, గుండ్రంగ తిరిగే ఆ మబ్బు కోనసీమ మీదికి ఎక్కుడు చూసుకుంట కూసున్నం. పొద్దుగాల 5కు బస్సు ఎక్కే టైముకు ఫోన్ వచ్చింది. మనుషులంతా బాగున్నరు, కొబ్బరిచెట్లు పోయినయి, వంటింటి పైకప్పు పోయింది. తమ్ముడు ఏం మాట్లాడకుండ హెల్మెట్ తీస్కుని బస్సు ఎక్కిండు. ఆ రోజు ఆయనకు బరువు పని చెప్పలేదు.

సముద్రం కాడ అయింది గదా, మనకేంది అనుకున్నరు కొందరు. తెల్లారి 29 నాడు అదే తుఫాను వాన వరంగల్, హనుమకొండ మీద పడ్డది. కాలనీలు మునిగినయి. మా ఊరికి పక్కనే ఉన్న పట్నం అది. మా ఇంటామె ఫోన్ చేసి "కోసిన వరి కల్లంల తడిసింది" అని చెప్పింది. సముద్రంల పుట్టింది మా కల్లం దాక వచ్చింది.

పాత లెక్కలు చూస్తే గూడ రాజోలు తమ్ముని మాట నిజమే. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19. కోనసీమ తుఫాను 1996 నవంబర్ 6. వైజాగ్‌ను కూల్చిన హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12. మేము పోదామనుకున్న బాపట్ల కాడనే మిచౌంగ్ తీరం దాటింది 2023 డిసెంబర్ 5న. అన్నీ ఆ మూడు నెలల్లనే. ప్రతి యేడు వస్తదని గాదు, గని రెండేండ్లకు ఒక్కసారి వచ్చే లీవును పోయి ఆ మూడు నెలల మీద పెట్టుడు ఎందుకు? మధ్యల ఒక ముచ్చట. ఈ తుఫాన్లకు పేర్లు పెట్టే 13 దేశాల్లో మనం పనిచేసే ఈ యూఏఈ గూడ ఉన్నది. మొంథా అనే పేరు థాయ్‌లాండ్ ఇచ్చిందట, ఏదో వాసన పువ్వు పేరట. పువ్వు పేరు పెట్టి పైకప్పులు లేపింది.

అట్ల మాఘం కాడికి వచ్చినం. అవ్వకు చెప్తే ఆమె లెక్క ఆమె చెప్పింది. "మాఘమంటే మేడారం గాదు బిడ్డా?" అన్నది. నిజమే. సమ్మక్క సారలమ్మ జాతర రెండేండ్లకొకసారి మాఘ పున్నమి ముందట వస్తది. మన లీవు గూడ రెండేండ్లకొకసారే. 2024 ఫిబ్రవరి జాతరకు మేము ఇక్కడనే ఉన్నం, ఈసారి 2026 జనవరి 28 నుంచి 31 దాక జాతర. ఫిబ్రవరి 1, ఆదివారం మాఘ పున్నమి. జనవరి, ఫిబ్రవరిల బంగాళాఖాతంల తుఫాను పుట్టుడు చాన అరుదు. వాన ఉండది, ఎండ మండది. మాఘ పున్నమికి సముద్ర స్నానం చేసే ఆచారం గూడ ఉన్నదే, కృష్ణమ్మ సముద్రంల కలిసే హంసలదీవి కాడ అప్పుడు జనం నిండుతరు. పాతోళ్లు వాతావరణం చూసే పెట్టిండ్రో, దేవుని మీద భారం వేసి పెట్టిండ్రో గని మా సైట్ లెక్కకు సరిపోయింది.

కష్టం రెండు దిక్కుల వచ్చింది. ఒకటి కంపెనీ. ఇక్కడ చలికాలమే పని కాలం. టూరిస్టులు కార్నిష్ కాడ ఎండ కాగే నెలల్లనే మనం స్లాబుల మీద స్లాబులు పోస్తం. జనవరిల సూపర్వైజర్‌ను వదలాలంటే ఎవ్వరికీ మనసొప్పది. మేము ఆగస్టులనే రాసిచ్చినం, అందరు ఎండాకాలం లీవుల మీద కొట్లాడుతున్నప్పుడు. మా బదులు చూసే ఫోర్‌మన్ పేరు గూడ అదే కాగితంల రాసినం. ఫిబ్రవరి మూడో వారంల రంజాన్ మొదలైతది, పని గంటలు రెండు తగ్గుతయి, కొంతమంది రంజాన్‌లనే పో అన్నరు. అప్పటికి మాఘం అయిపోతది గదా. సంతకం అయ్యేసరికి రెండు నెలలు పట్టింది. ఇక్కడి చట్టంల యేడాదికి 30 రోజుల లీవు ఉన్నది, తేదీ మాత్రం పనిని చూసి, మనతోని మాట్లాడి కంపెనీ పెడుతది, నెల ముందు చెప్పాలె. అందుకని ముందుగాల అడిగినోని మాటకే బలముంటది.

రెండోది ఇంట్ల. మా బిడ్డ ఈ యేడు పదో తరగతి. మార్చిల పరీక్షలు. సముద్రం మాట ఎత్తితే మా ఇంటామె ఒకటే అన్నది: "పది ఫెయిలైతే సముద్రం వచ్చి రాసిపెడ్తదా?" రెండు వారాలు ఈ పంచాయితే నడిచింది. మేము పదితోనే ఆగినోళ్లం, ఆ పరీక్ష విలువ మాకు తెలువదా? బిడ్డను ఇంటికాడ ఉంచి పోదామంటే అవ్వ ఒప్పుకోదు, మనుమరాలు చెయ్యి పట్టుకోంది నీళ్లల్ల దిగనంటది. ఆఖరికి బిడ్డనే తెగ్గొట్టింది. "ఒక్క శనివారం బడి పోతది నాయినా, అంతే. రైల్ల సోషల్ చదువుకుంట" అన్నది.

లెక్క ఇట్ల కుదిరింది. జనవరి 22న దిగుతం. జాతర గుంపుల అవ్వ నడవలేదు గనుక ముందుగాలనే, 24న మేడారం పోయి బంగారం మొక్కు చెల్లిస్తం. 31 శనివారం పొద్దున వరంగల్‌ల రైలు ఎక్కితే నాలుగైదు గంటల్ల బాపట్ల. అక్కడినుంచి సూర్యలంక ఆటోల పోయేంత దూరమే. ఆదివారం తెల్లవారంగ స్నానం, రాత్రి రైలుకు వాపస్, సోమవారం బిడ్డ బడికి. జాతర రోజుల్ల ఆర్టీసీ బస్సులన్నీ మేడారం దిక్కే తిరుగుతయి, అందుకని బస్సు మీద ఆశ పెట్టుకోలేదు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నరు ఇప్పుడు. అంటే డిసెంబర్ 2, మన టైము పొద్దుగాల 6:30. అప్పటికి మేము సైట్‌ల ఉంటం, మా బామ్మర్దికి అప్పజెప్పినం.

సముద్రం ప్రయాణాన్ని లీవు ఆఖరుకు పెట్టకుండ్రి. 2024 ఏప్రిల్ 16న ఇక్కడ పడ్డ వానకు విమానాలు ఆగి మనోళ్లు ఎన్ని తిప్పలు పడ్డరో యాదున్నది గదా. వాతావరణం అటైనా ఇటైనా తన్నుతది. మేము నడుమ పెట్టుకున్నం. అప్పుడు బాగలేకపోతే వారం ఆగి పోవొచ్చు.

పున్నమి నాడు పోటు ఎక్కువుంటది. రాజోలు తమ్ముడు ఇది పదిసార్లు చెప్పిండు. మనం చెరువుల, గోదాట్ల ఈత నేర్చినోళ్లం, సముద్రంల ఆ ఈత పనికిరాదు. అల వాపస్ పోయేటప్పుడు లోపలికి లాగే పాయలు ఉంటయి. అందుల చిక్కితే ఒడ్డుకు ఎదురీదితే అలిసిపోయి మునుగుతరు. ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలె, పాయ దాటినంక ఒడ్డుకు రావాలె. సూర్యలంకల పిల్లలు పోయిన వార్తలు మనం ఎన్ని చదవలేదు? మా అవ్వను మోకాలు లోతు గూడ దింపం. ఒడ్డున కుర్చీ వేసి కూసోబెడుతం, అల వచ్చి కాళ్లు కడుగుతది, మా ఇంటామె చెంబుతోని నెత్తిన పోస్తది.

మొన్న ఫోన్‌ల అవ్వ అడిగింది: "నువ్వున్న కాడ ఉన్న సముద్రం, మనం పోయే సముద్రం ఒక్కటేనా బిడ్డా?" కార్నిష్ నీళ్లు ఈ గల్ఫ్ నుంచి అరేబియా సముద్రంల కలుస్తయి, అవి కన్యాకుమారి తిరిగి బాపట్ల దాక పోతయి అని చెప్పినం. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే ఒక చెంబు నీ పేరు మీద గూడ పోసుకుంట" అన్నది. పక్కనే ఉంటం గదా అవ్వా అంటే, లీవు చేతికొచ్చేదాక నమ్మనన్నది.

ముసలోళ్లను తీస్కుని సూర్యలంక పోయినోళ్లు ఎవరన్న ఉంటే ఒక్క మాట చెప్పుండ్రి. పున్నమి నాడు ఆటోను ఇసుక దగ్గరిదాక రానిస్తరా, దూరంల ఆపి నడిపిస్తరా? అవ్వ నడవగలిగేది వంద అడుగులే.