బందరు కోట: పోటుపాట్లు తీర్పు చెప్పిన యుద్ధభూమి

యుద్ధభూమిని కాపాడడమంటే అక్కడి ఫిరంగులకూ శిలాఫలకాలకూ కంచె వేయడం మాత్రమే కాదని, ఆనాడు సైనికులు నడిచిన నేల తీరును, చెట్టూచేమను, నీటి దారులను కూడా వీలైనంతవరకు నాటి రూపంలోనే నిలపడమని అమెరికాలోని గెటిస్‌బర్గ్ చూసిన ప్రవాసాంధ్రులకు తేలికగానే బోధపడుతుంది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆ పొలాల్లో 1863 జూలై 1 నుంచి 3 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధపు పోరులో మరణించినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు, జాడ తెలియకుండా పోయినవారు కలిసి దాదాపు 51,000 మంది. 1895లో జాతీయ సైనిక ఉద్యానంగా ఏర్పడిన ఆ ప్రాంతంలో నేడు 1,300కు పైగా స్మారకాలున్నాయి. అయితే వాటికన్నా చెప్పుకోదగ్గది నేల మీద చూపిన శ్రద్ధ: తర్వాతి కాలంలో పెరిగిన అడవిని కొన్నిచోట్ల తొలగించి, ఒకప్పుడు తోటలున్న చోట మళ్లీ పండ్ల మొక్కలు నాటి, మితిమీరి పెరిగిన జింకల సంఖ్యను అదుపు చేసి, సేనాధిపతుల కళ్లకు ఆనాడు కనిపించిన దృశ్యమే సందర్శకుడికీ కనిపించేలా చేస్తున్నారు.

అటువంటి నేల తెలుగునాట లేదనుకోవడం సరికాదు. విజయవాడకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, మచిలీపట్నం (బందరు) ఊరికి సమీపంలో ఉన్న బందరుకోట, దక్షిణ భారతంలో ఫ్రెంచివారి ప్రాబల్యానికి పెద్ద దెబ్బ తగిలిన చోటు. 1611లోనే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం తెరిచింది. అంతకు ముందే డచ్చివారు వచ్చి ఉన్నారు. కోట 1750 నాటికి ఫ్రెంచివారి చేతికి వచ్చింది. ఆ తర్వాత మూడేళ్లకు సర్కారు జిల్లాలను, అంటే కృష్ణకు ఉత్తరాన తీరం వెంబడి చికాకోలు (శ్రీకాకుళం) దాకా సాగిన నిజాము పరగణాలను, నిజాము సలాబత్ జంగ్ ఫ్రెంచి సేనాని బుస్సీకి ధారాదత్తం చేశాడు. 1758లో బుస్సీని ఫ్రెంచి సేనాధిపతి లాలీ దక్షిణానికి పిలిపించుకోగానే విజయనగరం ఆనందగజపతి ఫ్రెంచివారిపై తిరగబడి ఇంగ్లీషువారి సాయం కోరాడు. బెంగాల్ నుంచి క్లైవ్ పంపిన కల్నల్ ఫోర్డ్, డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ సేనను ఓడించి, 1759 మార్చి మొదట్లో బందరు ముందు దిగాడు.

ఇక్కడి నుంచి కథ నడిపినవి మనుషుల కన్నా నేలా నీరూ అనిపిస్తుంది. కోట నిలిచింది పర్రలో. సముద్రపు పోటుకు మునిగి, పాటుకు తేలే ఉప్పునేలను తీరప్రాంత ప్రజలు పర్ర అంటారు. పోటు అంటే నీరు ఎక్కడం, పాటు అంటే దిగడం. పదకొండు బురుజులు, నీటి కందకం, చుట్టూ ఊబి ఉన్న ఆ కోటకూ, మూడు కిలోమీటర్ల దూరంలోని పట్టణానికీ మధ్య ఎత్తుగా కట్టిన బాట ఒక్కటే దారి. ఫోర్డ్ పరిస్థితి అంతకంతకూ క్లిష్టమైంది. జీతాలు అందక అతని ఐరోపా సైనికులు ఎదురుతిరిగారు. సలాబత్ జంగ్ పెద్ద సేనతో బెజవాడ (విజయవాడ) వద్ద కృష్ణ ఒడ్డుకు చేరాడు. ఏప్రిల్ 6 నాటికి మందుగుండు రెండు రోజులకు మాత్రమే మిగిలింది. వెనుదిరగడమా, గోడలెక్కడమా అన్న ప్రశ్నకు అతడు రెండోదే ఎంచుకుని, 7వ తేదీ అర్ధరాత్రిని నిర్ణయించాడు. పాటు వేళ కందకంలో నీరు మూడడుగులకు మించి ఉండదన్నదే ఆ గడియకు కారణం. నైరుతి వైపు ఊబిని ఎవరూ దాటలేరన్న ధీమాతో ఫ్రెంచివారు అటు పెద్దగా కాపలా పెట్టలేదు. కెప్టెన్ నాక్స్ సిపాయిలు, అంటే ఐరోపా పద్ధతిలో శిక్షణ పొందిన దేశీయ సైనికులు, ఆ బురదలో దిగి మోసపు దాడి చేశారు. ఆనందగజపతి బలగం బాట వైపు నుంచి మరో మోసపు దాడికి దిగింది. అసలు దాడి ఈశాన్య బురుజుపై జరిగింది. తెల్లవారేసరికి కోట ఫోర్డ్ వశమైంది, గోడలెక్కినవారి కన్నా లొంగిపోయినవారే ఎక్కువ. ఫ్రెంచివారి సహాయక నౌకలు మరి కొద్దిరోజులకు గాని కనిపించలేదు. మే 14న సలాబత్ జంగ్ ఒడంబడిక రాసి, మచిలీపట్నాన్ని, చుట్టుపక్కల జిల్లాలను ఇంగ్లీషువారికి ఇచ్చాడు. ప్లాసీని పాఠ్యపుస్తకాలు మరువవు. ఈ రాత్రికి మాత్రం ఆ స్థానం దక్కలేదు. ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

నేడు అక్కడ మిగిలింది కొద్దే. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన, అంటే తుపానుతో పొంగి ఊళ్లమీద పడే సముద్రం, సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. కోట కూడా ఆ దెబ్బనుంచి తేరుకోలేదు. ఆయుధాగారంగా చెప్పుకునే కట్టడపు మందమైన గోడలు, సున్నం రాలి బయటపడిన ఇటుక వరసలు చూసి, మిగతా కోటను సందర్శకుడు ఊహించుకోవలసిందే. పట్టణంలోని డచ్చివారి సమాధులు దీనికంటే మెరుగ్గా ఉన్నాయి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఆ రాతిపలకల మీద అక్షరాలను లోపలికి చెక్కకుండా చుట్టూ రాయిని తొలిచి పైకి తేల్చారు. వంశ చిహ్నాలు, శిరస్త్రాణాలు, ఆకుల అల్లికలు వేలితో తడిమితే ఇప్పటికీ స్పష్టంగా తెలుస్తాయి.

ఫోర్డ్ సేన దిగిన పర్ర స్వభావం ప్రత్యక్షంగా చూడాలంటే మాత్రం మరికొంత దక్షిణంగా, దివిసీమ చివర హంసలదీవి, సొర్లగొంది వైపు వెళ్లాలి. అక్కడ సుమారు 194 చదరపు కిలోమీటర్లలో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఉంది. ఉప్పునీటిలో పెరిగే మడ అడవులు దాని ప్రాణం. బురదలో గాలి అందదు గనుక మడచెట్టు చుట్టూ శ్వాసవేర్లు మేకుల్లా నిటారుగా లేచి ఉంటాయి. పాటు వేళ వాటి మధ్య ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉండే ఎర్రపీతలు కన్నాల్లోంచి బయటికొచ్చి, అడుగుల చప్పుడు వినగానే అన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. రాత్రివేళ నీటి అంచున చేపల్ని వేటాడే బావురుపిల్లి ఇక్కడి ప్రత్యేకత. కాలివేళ్ల మధ్య పాక్షికంగా పొర ఉండి, ఈదగల ఈ జంతువు మనుగడ ప్రమాదంలో ఉందని ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంస్థలు గుర్తించాయి. మన చట్టం దానికి పులితో సమానమైన రక్షణ ఇస్తోంది. శీతకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరపు ఇసుకలో గుడ్లు పెట్టి పోతాయి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత, అలల ఉధృతిని తగ్గించే మడ అడవుల విలువ ఇక్కడివారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా చేపల, రొయ్యల చెరువులు విస్తరించిన కొద్దీ పర్ర కుంచించుకుపోతూనే ఉంది.

కోట ఒక శాఖ కింద, అడవి మరొక శాఖ కింద ఉండడం పరిపాలనకు సౌకర్యం కావచ్చు గాని, చరిత్రకు మాత్రం ఆ రెండూ ఒక్కటే. పర్ర లేకుండా 1759 నాటి పోరు అర్థం కాదు. కోటచుట్టూ దాడి సాగిన మూడు దిక్కులను తెలుగులో వివరించే పలకలు, పాటు వేళ నడవగల కాలిబాట, అక్కడి నుంచి హంసలదీవి దాకా ఒకే సందర్శన మార్గం ఏర్పరచడానికి కోట్లు కుమ్మరించనక్కరలేదు. సొంత ఊళ్లో గుడికీ బడికీ విరాళాలిచ్చే కృష్ణాజిల్లా ప్రవాసులు ఈ పనికీ చేయూతనివ్వాలి. సంక్రాంతికి వచ్చినప్పుడు పిల్లలను బందరు తీసుకువెళ్లి, ఆ గోడల దగ్గర నిలబెట్టి ఈ చరిత్ర చెప్పాలి.