ఒంగోలు ఆవు మీద ఆశపడ్డాము

గుంటూరు నుండి ఒంగోలుకు బస్సులో మేము ఎన్నిసార్లు ప్రయాణము చేశామో లెక్కలేదు. చిలకలూరిపేట దాటిన తరువాత రెండు ప్రక్కలా నల్లరేగడి. జనవరి వచ్చేసరికి ఒక చేలో పత్తి విచ్చుకొని ఉంటుంది, ప్రక్క చేలో మిరప ఎర్రబడి ఉంటుంది. కిటికీలోనుండి ఇవన్నీ చూచాము గాని, ఈ నేలను తరతరాలుగా దున్నిన పశువును దగ్గరగా చూచినది ఈమధ్యనే. పట్నములో పుట్టి పెరిగినవారము గనుక ఒంగోలు గిత్త అంటే మాకు గోడ క్యాలెండరు మీది బొమ్మ మాత్రమే.

కూటముల నిమిత్తము అద్దంకి ప్రాంతములో ఒక రైతు ఇంట మూడు రోజులు బస చేశాము. మొదటి తెల్లవారుజామున మా ఇంటివారు పెరట్లోనికి వెళ్ళి, వెంటనే తిరిగి వచ్చి, "ఏమండీ, ఒక్కసారి లేచి రండి" అని పిలిచారు. పాకలో గాటికి కట్టివేసిన గిత్త నిలిచి ఉన్నది. ఒళ్ళు తెలుపు. మెడ, మూపురము మాత్రము బూడిదరంగు తిరిగి నల్లబడినవి. పొట్టి కొమ్ములు, కాటుక పెట్టినట్లు కళ్ళ చుట్టూ నలుపు, మోకాళ్ళ దాకా మడతలు మడతలుగా వ్రేలాడే గంగడోలు. అది తల త్రిప్పి మమ్మును చూచి మళ్ళీ చొప్ప నమలసాగింది. మేము మాత్రము కాఫీ చల్లారేవరకు అక్కడే నిలబడిపోయాము.

"భయం లేదయ్యగారూ, చెయ్యి వెయ్యండి" అన్నాడు పెద్దాయన. మూపురము మీద చెయ్యి వేశాము. గట్టిగా, వెచ్చగా ఉన్నది. ఇది నాలుగు పళ్ళ గిత్త అని ఆయన చెప్పాడు. పాలపళ్ళు ఊడి వచ్చిన పెద్ద పళ్ళను బట్టి వయస్సు కడతారు. బండలాగుడు పందెములలో రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని జతలను విడదీసేది కూడా ఇందుకే. ఆ పందెములు మేము ఒకసారి చూచాము. జతల బలమునకు ఆశ్చర్యపడ్డాము గాని, వాటి వీపుల మీద పడిన కర్ర దెబ్బలు మాకు నచ్చలేదు. ఆ మాట అంటే పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు.

గుండ్లకమ్మ, మూసి ఏళ్ళ నడుమనున్న పల్లెలు ఈ జాతికి పుట్టినిల్లు. వాన పడితే కాలు దిగబడి, ఎండితే నెర్రెలు విచ్చే ఈ రేగడిలో నాగలి లాగాలంటే అంతటి పశువే కావాలి. ఇప్పుడు దుక్కికి ట్రాక్టరు వచ్చింది. పత్తిలోను మిరపలోను సాళ్ళ మధ్య గుంటక తోలడానికి కొందరు ఇంకా ఎడ్లను ఉంచుకొన్నారు. ఇక ఆవు సంగతి చూస్తే, పాలకు గేదె ముందు నిలువలేదు. ఎద్దుకు పని లేకపోతే, ఆవుకు పాలు లేకపోతే దొడ్డిలో ఎవరు ఉంచుతారు? "మా నాయన నాడు నాలుగు జతలు, ఇప్పుడు ఇదొక్కటి" అన్నాడాయన. దీనినైనా పోషించేది లెక్క చూచుకొని కాదట.

తిరిగి వచ్చిన తరువాత ఊరకుండలేక గుంటూరు ప్రక్కనున్న లాం ఫారమునకు వెళ్ళాము. అక్కడ ఈ జాతి మందను పెంచుతూ పరిశోధనలు చేస్తున్నారు. ప్రకాశం జిల్లాలో చదలవాడ పశుక్షేత్రము కూడా ఈ జాతి కొరకే ఉన్నది.

ఇంతకంటె వింత సముద్రమునకు ఆవల జరిగింది. 19వ శతాబ్దములో ఓడలెక్కి బ్రెజిల్ చేరిన మన పశువులకు అక్కడివారు నెలోర్ అని పేరు పెట్టుకొన్నారు. ఆ కాలములో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు దానిలో కలిసింది, 1970లో ప్రకాశం జిల్లా వచ్చింది. అక్కడ మాత్రము పాత జిల్లా పేరే నిలిచిపోయింది. 1960ల మొదట్లో ఒంగోలు దగ్గరి కరవది పేరుగల గిత్త కూడా అక్కడికి వెళ్ళి పేరు పొందింది. నేడు ఆ దేశపు మాంసపు పశువులలో అధిక భాగము ఈ సంతతివే. 2023లో వయాటినా-19 అనే ఆవులో మూడవ వంతు వాటాను వేలము వేస్తే, ఆ లెక్కన ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది! పుట్టినింట గడ్డికి కరవు, మెట్టినింట ఈ వైభవము.

ఆ గిత్త మా కంటిలోనుండి పోలేదు. పొరుగువాని ఎద్దును ఆశించవద్దని ఆజ్ఞలలో ప్రత్యేకముగా ఎందుకు వ్రాయబడెనో ఆ పెరట్లో మాకు అర్థమైనది. పొరుగువానిది ఆశింపక, మనదంటూ ఒక పెయ్యదూడను సంపాదించుకొంటే తప్పు లేదు గదా అని ఇంట్లో మాట తెచ్చాము. మా ఇంటివారు వ్రేళ్ళ మీద లెక్క వేశారు. చొప్ప కొనాలి, తెలకపిండి కొనాలి, సెంటు పొలము లేదు. ఉన్న ఇల్లు సంఘానిది. "బదిలీ అయితే సామాన్ల లారీలో దీనిని కూడా ఎక్కిస్తారా?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు.

నెల తరువాత పెద్దాయన ఫోను చేశాడు. వాళ్ళ బంధువుల ఆవు చూడి కట్టిందట. పెయ్య పుడితే ఎవరికీ మాట ఇవ్వవద్దని చెప్పాము. ఆ సాయంత్రము ఇంటి వెనుకనున్న వేపచెట్టు క్రింద విరిగిన బల్లలు, పాత రేకులు తీసివేసి చోటు శుభ్రము చేస్తూ మా ఇంటివారు కనబడ్డారు. ఎందుకని మేము అడుగలేదు.