కడియపులంకలో నల్ల గులాబీలు

మొన్న శ్రావణమాసంలో తెల్లారగట్ల కడియపులంక పూలమార్కెట్‌కి వెళ్లానండీ. వెళ్లీవెళ్లగానే కరెంటు పోయింది. మసక చీకట్లో గోనెపట్టా మీద ఓ కుప్ప, బొగ్గులు పోసినట్టు. "ఇవేం పూలమ్మా, ఇలా నల్లబడిపోయాయి, వాడినవా?" అన్నాను. ఆవిడకి ఒళ్లు మండింది. "తెల్లారనివ్వండి బాబూ, మీరే చూద్దురుగాని!"

సరే, నిలబడ్డాను. పక్క బుట్టలో మరువం అప్పటికే బూడిదరంగులో తేటగా కనిపిస్తోంది. కాసేపటికి అది పచ్చబడింది. చామంతులు పసుపు తేలాయి. ఈ బొగ్గుకుప్ప మాత్రం అన్నిటికన్నా ఆలస్యంగా ఎర్రబడింది. నవనవలాడే గులాబీలండీ!

వేకువలో ఎరుపు ఇలా నల్లబడి, నీలం తేటగా ఉండటం గురించి చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 1825లోనే రాశాడు. మన కంట్లో రంగులు చూసే శంకువులు 60 లక్షల దాకా ఉంటాయి. వాటికి వెలుగు దండిగా కావాలి. చీకటి పడితే డ్యూటీ ఎక్కేవి దండాలు, సుమారు 12 కోట్లు. శంకువుల్లో మూడు రకాలున్నాయి, వాటి కబుర్లు పోల్చుకునే మెదడు రంగు తేలుస్తుంది. దండాలన్నీ ఒకటే రకం. పోల్చేందుకు రెండోది లేదు. పైగా ఆకుపచ్చ, నీలం కలిసిన కాంతి బాగా పట్టుకుంటాయి గానీ, ముదురు ఎరుపు వాటికి దాదాపు ఆనదు. అందుకే ఆకు తేట, గులాబీ బొగ్గు.

లంకల్లో పున్నమి రాత్రి కొబ్బరితోటలు చూశారా? అంతా వెండీ, నలుపూ. వెన్నెల కూడా ఎండేనండీ, చంద్రుడి మీద పడి మనకొచ్చింది. కాకపోతే నాలుగు లక్షల రెట్లు తక్కువ. కెమెరాని స్టాండు మీద పెట్టి అర నిమిషం తెరిచి ఉంచితే ఆ మట్టలు పచ్చగానే వస్తాయి. అంటే పచ్చదనం ఎక్కడికీ పోలేదు, చాలనిది మన కన్నే.

అన్నట్టు, చూపు నట్టనడుమ దండాలే ఉండవు. మసక నక్షత్రాన్ని సూటిగా చూస్తే మాయమై, ఓరగా చూస్తే కనపడేది అందుకే. దండాలు పూర్తిగా తేరుకోవడానికి అరగంట పడుతుంది. మధ్యలో ఎవరో సెల్‌ఫోన్ వెలిగించారంటే మళ్లీ మొదటికే!

ఇదంతా ఆ పూలావిడకి చెప్పబోయాను. విన్నట్టే విని, బేరంలో మాత్రం రూపాయి తగ్గలేదు. తాజా పూలని వాడినవన్నాను కదా మరి!