బెల్లపు సందూకు తాళపుచెవి

ఈ సంచికకు నన్నొక వ్యాసము వ్రాయుమని కోరినప్పుడు గణితమును గూర్చి వ్రాయదలచితిని. ఈ పాఠశాలలోనే చదువుకొని, నేడు బాలురకు లెక్కలు చెప్పుచున్నవాడను. అంకెలు అబద్ధమాడవని తరగతిలో అనేక పర్యాయములు చెప్పియుంటిని. ఆ మాట నిజమే. కాని అంకెను చదువువాడు పొరపడవచ్చునని నాకు మా నాయన మూలమున తెలిసినది. సిగ్గుపడవలసిన సంగతియైనను, చదువరులకు మేలు కలుగునను నమ్మకముతో దానినే ఇచ్చట వ్రాయుచున్నాను.

మాది కొండకల్ గ్రామము. చేవెళ్ల, మొయినాబాదు, శంకరపల్లి ప్రాంతముల నెరిగినవారికి ఆ చేలు తెలియును. నా బాల్యమున మా నాయన జొన్నయు, కందియు, కూరగాయలును పండించెడివాడు. తెల్లవారకమున్నే లేచి, ప్రొద్దు గ్రుంకువరకు మడక వెంటనో, మోట వెంటనో నడచెడివాడు. మా ఇంట జొన్నరొట్టెయే భోజనము. అన్నము పండుగనాటి మాట. 1983వ సంవత్సరమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలో బియ్యమును రెండు రూపాయల కిచ్చు పథకము ప్రారంభించెను. పేదల ఆకలి తీరినది. అది సామాన్యమైన మేలు కాదు. అయితే క్రమముగా మూడు పూటలును అన్నమే అలవాటయ్యెను. పిమ్మట హైదరాబాదు నగరము మావైపు పెరిగినది. మా పొలము చేయి మారినది. నడచిన కాళ్లు అరుగుమీద కూర్చున్నవి. అన్నము మాత్రము తగ్గలేదు.

కొంతకాలమునకు నాయనకు మధుమేహమని తేలినది. మా కందరికిని ఆశ్చర్యము కలిగెను. ఆయన బక్కపలుచని మనిషి. పంచెకట్టుపైన పొట్ట కొంచెము ముందుకు వచ్చినదే గాని, స్థూలకాయు డెన్నడును కాడు. వైద్యుడు మాత్రలిచ్చి, రక్తములోని చక్కెరను ఇంట కొలుచు చిన్న యంత్రమును కొనుమనెను. ఆ కొలత పని నేను చేపట్టితిని.

ఒకనాటి రాత్రి ఆయన పరుండబోవునప్పుడు డెసిలీటరునకు 148 మిల్లీగ్రాములు కనబడినది. మరునా డుదయమున, నోట నీరైన పోయకమున్నే, 176 వచ్చినది. ఏమియు తినని మనుష్యునకు చక్కెర ఎట్లు పెరుగును? నా లెక్కకు ఒకటే సమాధానము తోచినది.

“నాయనా, రాత్రి లేచి బెల్లం తిన్నవా?” అని పిల్లలందరు వినుచుండగా అడిగితిని.

“ముట్టలేదు బిడ్డా,” అనెను.

“మరి లెక్క ఎట్ల పెరిగింది?”

ఆయన బదులు పలుకలేదు. నేను బెల్లముంచు సందూకునకు తాళము వేసి, తాళపుచెవి జేబులో వేసికొంటిని. మరునాడును ఉదయపు అంకె పెద్దదిగానే యుండెను. అయినను నాకు అనుమానము తీరలేదు. ఇంకెక్కడనో దాచియుండునని తలచితిని. నాటినుండి ఆయన మాతో కూడ పంక్తిని కూర్చుండుట మానెను. పిలిచినను, “తర్వాత తింట,” అనెడివాడు.

నెల గడచిన పిదప వైద్యుని యొద్దకు పోయితిమి. నాయన ఎదుటనే నా ఫిర్యాదు వినిపించి, అంకెలు వ్రాసిన పుస్తకము ముందుంచితిని. ఆ వైద్యుడు వాటిని శ్రద్ధగా చూచి, “ఇందులో దొంగ మీ నాయనగారు కారు, ఆయన కాలేయము,” అనెను. పిమ్మట మాకు తెలియునట్లు ఈ విధముగా చెప్పెను.

మన గ్రామములలో పూర్వము దండోరా వేయుట కలదు గదా. భోజనము చేయగానే రక్తములోనికి చక్కెర చేరును. అప్పుడు క్లోమగ్రంథి ఇన్సులిన్ అను స్రావమును పంపును. అదియే దండోరా. దానిని విని కండరములు తలుపులు తెరచి చక్కెరను లోనికి తీసికొనును. కొవ్వు తన నిలువలను బయటికి వదలక పట్టియుంచును. కాలేయము క్రొత్తగా చక్కెర చేసి పంపుట మానును. ఏ కారణముననో ఈ మూడింటికిని చెవులు మందగించినచో క్లోమము ఇంకను గట్టిగా డప్పు కొట్టవలసివచ్చును. ఏండ్ల తరబడి అట్లు కొట్టుచున్నంత కాలము రక్తపరీక్షలో చక్కెర సరిగానే కనబడవచ్చును, రోగమున్నదని తెలియదు. తుదకు కొట్టువాని చేతులు అలసిపోవును. అప్పుడు చక్కెర పెరిగి మధుమేహ మనిపించుకొనును. వినని ఈ చెవిటితనమునకే ఇన్సులిన్ నిరోధమని పేరు.

నాయన కాలేయము ఆ దండోరాను వినుట లేదు. కావున ఆయన నిద్రించుచుండగా అది రాత్రియంతయు చక్కెరను తయారుచేసి రక్తములోనికి వదలుచున్నది. తెల్లవారుజామున దేహమున పెరుగు మరికొన్ని స్రావములును దానికి తోడగును. ఆ 176లో బెల్లపు తునక యొక్కటియు లేదు.

ఈ మాట విని నేను తల వంచుకొంటిని. నాయన కిటికీవైపు చూచుచుండెను.

నాటి నుండి ఈ విషయమును గూర్చి దొరికినంత చదివితిని. 1921లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులినును వేరుచేసిరి. 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలునకు దానిని తొలిసారి ఇచ్చిరి. ఆ మందు ఎందరి ప్రాణములనో నిలిపినది. అయితే 1936లో హిమ్స్‌వర్తు అను ఆంగ్ల వైద్యుడు, కొందరు రోగుల దేహము ఇన్సులినునకు సరిగా లోబడదని చూపెను. 1988లో రీవెన్ అను అమెరికా వైద్యుడు ఈ నిరోధమే రక్తపుపోటుతోను, రక్తములోని కొవ్వుల మార్పుతోను, గుండెజబ్బుతోను ముడిపడియున్నదని బోధించెను. కొవ్వు కట్టుదప్పి కాలేయమున పేరుకొనును. రక్తమున ట్రైగ్లిసరైడులు హెచ్చి, మేలుచేయు కొలెస్టరాలు తగ్గును. హెచ్చిన ఇన్సులిన్ వలన మూత్రపిండములు ఉప్పును నిలుపుకొనును. కొందరికి మెడవెనుక చర్మము నల్లబడి మందమగును. అది మురికి యని పిల్లలను గద్దింపరాదు. కొందరు స్త్రీలకు అండాశయముల పని చెడి నెలసరి తప్పును. ఒక్క చెవిటితనము ఇన్ని యిండ్లకు ప్రాకునన్నమాట.

మనవారు చూపునకు సన్నముగా నున్నను, కండ తక్కువయై, కొవ్వు పొట్టలోపల చేరుట సామాన్యము. అందువలననే దక్షిణాసియావారిలో పురుషునకు 90, స్త్రీకి 80 సెంటీమీటర్లు మించిన నడుము కొలతను వైద్యులు హెచ్చరికగా నెంచుదురు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వారి లెక్కల ప్రకారము మన దేశమున పదికోట్లకు పైగా మధుమేహులు కలరు. ఆ వాకిట నిలిచినవారు పదమూడు కోట్లకు మించియున్నారు.

హైదరాబాదు చేరువ పల్లెలలో జరిగిన ఒక పరిశోధన నన్ను మిక్కిలి ఆకర్షించినది. 1987 మొదలు 1990 వరకు 29 గ్రామములలో అది నడచెను. కొన్నింట గర్భిణులకును, బాలింతలకును, ఆరేండ్ల లోపు పిల్లలకును దినదినము మొక్కజొన్న, సోయాల పిండితో ఉప్మా వండి పెట్టిరి. తక్కిన గ్రామములలో పెట్టలేదు. ఆ పిల్లలు పదమూడు మొదలు పదునెనిమిదేండ్ల ప్రాయమువారైన పిమ్మట మరల పరీక్షించిరి. ఉప్మా పెట్టిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. వారి ఇన్సులిన్ నిరోధపు కొలత రెండవవారికంటె సుమారు ఇరువది పాళ్లు తక్కువగా నుండెను. తల్లి కడుపుననున్నప్పుడు అందిన పిడికెడు ఆహారము ఇంతకాలము గుర్తుండునని నేనెన్నడును ఊహింపలేదు. మా నాయన కరవుకాలపు బిడ్డ. ఆయన తల్లి ఏమి తినెనో ఎవరు చెప్పగలరు?

నిరాశకు కారణము లేదు. పనిచేయుచున్న కండరము ఇన్సులిన్ దండోరా వినకయే తలుపు తెరచి చక్కెరను తీసికొనును. ఇది దేవుడిచ్చిన దొడ్డిదారి. 2006లో ప్రకటింపబడిన మన దేశపు పరిశోధనలో, మధుమేహపు వాకిట నిలిచినవారు నడకయు, ఆహార నియమమును పాటించినచో మూడేండ్లలో రోగము పాలగువారి సంఖ్య నూటికి ఇరువది యెనిమిది పాళ్లు తగ్గెను. రోగము వచ్చినవారు మాత్రము వైద్యుడిచ్చిన మాత్రలను తమంతట తాము మానరాదు.

వైద్యుని యొద్దనుండి వచ్చిన సాయంకాలము తాళపుచెవి తీసి నాయన చేతిలో పెట్టితిని. “నాదే తప్పు నాయనా,” అంటిని. ఆయన దానిని కొంతసేపు చూచి, “నాకెందుకు బిడ్డా, అమ్మకియ్యి,” అనెను. ఆ రాత్రి మాతో కూడ పంక్తిని కూర్చుండెను. అన్నము కొంత తగ్గించి, జొన్నరొట్టెయు, పప్పును, కూరయు వడ్డించితిమి. భోజనానంతరము ఇద్దరమును చెరువుకట్ట దాక నడచితిమి. నేటికిని నడచుచున్నాము. మాత్రల వలనను, నడక వలనను ఉదయపు అంకె ఇప్పుడు 130 ప్రాంతమున నిలిచినది.

విద్యార్థులారా! ఆటస్థలమును విడువకుడు, మీ కండలే మీ ధాన్యాగారములు. ఇంట పెద్దలకు ఈ వ్యాధి యున్నచో అంకె చూచి నిందింపకుడు; వారి వెంట నడువుడు. లెక్క సరిగా వచ్చినంత మాత్రమున తీర్పు సరియైనది కాదని ఈ లెక్కల పంతులు ఆలస్యముగా నేర్చుకొన్నాడు.